తీరిక చేతిపని: పాల చిక్కదనపు రంగు

సూరత్ నగరంలో రంగు తెలిసినవారికి కొదువ లేదు. రింగ్ రోడ్డు మీద చీరల మార్కెట్లు, ఖటోదరా పారిశ్రామిక వాడలో మగ్గాల షెడ్లు, చిన్న చిన్న కార్ఖానాలు. అక్కడినుంచి ఇంకా ముందుకు పోతే పాండేసరా, సచిన్ ప్రాంతాలలో బట్టలకు రంగు వేసే మిల్లులు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం ప్రాంతాలనుంచి మగ్గాన్ని నమ్ముకొని వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో స్థిరపడి ఉన్నవి. ఆ ఇళ్ళలో పిల్లలకు జార్జెట్టుకూ షిఫానుకూ గల తేడా బడికి పోకముందే తెలుస్తుంది. అటువంటి ఇంట ఒక కుర్రవాడు ప్లాస్టిక్కు విమానపు నమూనా ఒకటి కొని, ముక్కలన్నీ అతికించి, దానికి ఎయిర్ బ్రష్షుతో రంగు వేయబూనినాడని అనుకోవచ్చు. రంగుల నడుమ పుట్టి పెరిగినవానికి రంగును గురించి కొత్తగా నేర్పవలసినది ఏముంటుంది అనిపిస్తుంది. ఒకటి ఉన్నది. అది అతడు ఎరిగినదానికి సరిగ్గా తలకిందులైన విద్య.

చీరల అచ్చుపనిలో నేర్పు అంతా రంగును చిక్కబరచడంలో ఉన్నది. నీళ్ళవలె పలచనైన రంగును బట్టమీద పెడితే అది దారాల వెంట పాకిపోతుంది. పువ్వు అంచు చెదరి మరక అవుతుంది. అందువల్ల రంగులో జిగురు కలుపుతారు. గోరుచిక్కుడు గింజలనుంచి తీసే జిగురు, చింతగింజల పిండి, సముద్రపు నాచునుంచి వచ్చే ఆల్జినేటు ఇందుకు పనికివస్తాయి. స్క్రీనుమీద రబ్బరు పలక ఒత్తినప్పుడు ఆ ముద్ద కాస్త జారి రంధ్రాలలోనుంచి దిగుతుంది. పలక దాటిపోగానే మళ్ళీ గట్టిపడి ఉన్నచోటనే నిలుస్తుంది. పాలియెస్టరు బట్టయితే ఆ తరువాత 170, 180 డిగ్రీల సెంటిగ్రేడు ఆవిరిలో రంగు దారంలోపలికి చొచ్చుకొని పోతుంది. జిగురు పని అంతటితో సరి, దానిని కడిగివేస్తారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఇదే చిక్కును మరొక దారిలో తప్పించుకొన్నారు. వారు రంగుకంటె ముందు గుడ్డను సిద్ధం చేస్తారు. కరక్కాయ రసమూ గేదెపాలూ కలిపి అందులో గుడ్డను తడిపి ఆరబెడితే, పాలలోని కొవ్వు కలంనుంచి దిగిన రంగును పక్కకు పాకనీయదు.

ఎయిర్ బ్రష్షు పరికరానికి ఈ చిక్కదనమే శత్రువు. దాని పనితీరు తెలిస్తే కారణం బోధపడుతుంది. కంప్రెసరునుంచి వచ్చిన గాలి సన్నని గొట్టపు మొన చుట్టూ వేగంగా దూసుకొని పోతుంది. ఆ వేగంవల్ల మొనవద్ద పీడనం తగ్గి, గిన్నెలోని రంగు ముందుకు లాగబడుతుంది. అక్కడ గాలి దానిని చీల్చి తుంపరగా మారుస్తుంది. రంగు బయటికి వచ్చే ఆ రంధ్రం కొలత సాధారణంగా మిల్లీమీటరులో మూడోవంతు ప్రాంతం. నాజూకు పనులకు 0.2 మిల్లీమీటర్లవీ ఉన్నవి. అంతటి ఇరుకులోనుంచి చిక్కని రంగు రాదు. వచ్చినా తుంపరగా చీలదు, ఉమ్మివేసినట్లు బొట్లు బొట్లుగా పడుతుంది. మరీ పలచనైతే, నమూనామీద పడ్డ బొట్టును వెనుకనుంచి వచ్చే గాలి నాలుగు వైపులకూ తరిమి సాలీడు కాళ్ళవంటి గీతలు గీస్తుంది. పనివాని నేర్పంతా ఈ రెంటి నడుమ ఉన్న సన్నని సందులో ఉన్నది.

కుంచె చాలదా, ఇంత శ్రమ ఎందుకు అని అడగవచ్చు. చిన్న లెక్క ఒకటి చూడాలి. 72వ వంతు కొలతలో చేసిన విమానంమీద రంగుపొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు, అంటే 0.05 మిల్లీమీటరు, ఉన్నదనుకొంటే, అసలు విమానం కొలతలో అది 3.6 మిల్లీమీటర్ల మందానికి సమానం. గోడకు సున్నం కొట్టినట్లు రంగు పూసిన విమానం లోకంలో ఎక్కడా ఉండదు. రేకుల అతుకులు, తలుపుల అంచులు, మేకుల తలలు అన్నీ ఆ పొర కింద పూడిపోతాయి. నమూనా బొమ్మవలె కనిపించేది ఇక్కడనే. ‘మాయాబజార్’ 1957లో విడుదలైనప్పుడు ప్రేక్షకులు చూసి మురిసిన ద్వారకానగరం, 50 అడుగుల వెడల్పు 60 అడుగుల పొడవు గల స్థలంలో అమర్చిన మూడువందల దాకా చిన్న ఇళ్ళ సముదాయం. కెమెరా కంటికి అది నగరమని నమ్మకం కలిగిందంటే, చిన్న వస్తువుమీద పెద్ద వస్తువు తాలూకు ఛాయ తప్పకుండా పడిందన్నమాటే. ఇంటిలో బల్లమీద నమూనా చేసుకొనేవాడు కోరేదీ ఆ నమ్మకమే.

ఈ పరికరం వయస్సు చాలామంది ఊహించేదానికంటె ఎక్కువ. అమెరికాలో ఫ్రాన్సిస్ స్టాన్లీ 1876లో రంగును తుంపరగా చల్లే సాధనానికి పేటెంటు పొందినాడు. ఆవిరి కార్లతో పేరు మోసిన స్టాన్లీ సోదరులలో ఇతడొకడు. కొద్ది సంవత్సరాలలోనే అయోవా రాష్ట్రంలో ఆబ్నర్ పీలర్ తన సాధనాన్ని తయారుచేసినాడు. గాలీ రంగూ మొన లోపలనే కలిసే నేటి పద్ధతికి 1893లో చార్లెస్ బర్డిక్ దారి చూపినాడు. తొలి రోజులలో దీని పని ఫొటోలకు మెరుగులు దిద్దడం. అందులో వాడిన రంగు నీటిరంగు గనుక పలచన సంగతి పెద్ద తలనొప్పి కాలేదు. ప్లాస్టిక్కు నమూనాలకు తగిన రంగులు వచ్చిన తరువాతనే థిన్నరు ఒక శాస్త్రం అయింది.

ఈ రంగులు మూడు జాతులు. జాతి తెలియకుండా సీసా మూత తీయరాదు.

మొదటిది ఎనామెలు. ఇంటి తలుపులకు వేసే నూనెరంగు బంధువే. ఇంగ్లండులోని హల్ నగరానికి చెందిన హంబ్రోల్ సంస్థ చిన్న డబ్బాలు ఒక తరం కుర్రవాళ్ళకు ఈ రంగుతోనే చేతిపని నేర్పినవి. మినరల్ టర్పెంటైనుతో పలచబడుతుంది. నిదానంగా ఆరుతుంది, గాలిలోని ఆక్సిజనుతో కలిసి రోజుల తరబడి గట్టిపడుతూ ఉంటుంది. తొందర లేనివానికి ఇది మంచి స్నేహితుడు; పొర తనంతట తాను చదునుగా పరుచుకొంటుంది.

రెండవది లాకరు. ఘాటైన ద్రావకంలో రెసిను కరిగి ఉంటుంది. ద్రావకం ఎగిరిపోగానే పొర నిమిషాలలో ఆరుతుంది. ప్లాస్టిక్కును కొద్దిగా కొరికి పట్టుకొంటుంది గనుక గోటితో గీకినా సులభంగా ఊడిరాదు. అయితే ఆ కొరకడమే ప్రమాదం కూడా. కార్లకు రంగు వేసే దుకాణాలలో దొరికే ఎన్.సి. థిన్నరులో టొలువీను వంటి ద్రావకాలుంటాయి. నమూనాలు చేసే పాలిస్టైరీను ప్లాస్టిక్కు వాటికి లొంగిపోతుంది. ఒకేసారి తడిగా పోస్తే రెక్కమీద సన్నని పగుళ్ళు తేలుతాయి, వారాలు పట్టి చేసిన పని నిమిషంలో పాడవుతుంది. ధర తక్కువ గనుక ఈ థిన్నరువైపు చేయి చాచనివారు లేరు. రంగును పలచన చేయడానికి కాక, పని అయిన తరువాత పరికరాన్ని కడగడానికి వాడుకొంటే దాని చౌకదనానికి అర్థముంటుంది.

మూడవది ఆక్రిలిక్కు. చాలామంది పొరపడేది ఇక్కడ. ‘నీటిరంగు’ అన్న ఒక్క మాట కింద రెండు వేరు స్వభావాలు దాగి ఉన్నవి. జపానులోని షిజువోకా నగరపు తమియా సంస్థ ఆక్రిలిక్కు రంగులో ఆల్కహాలు పాలు ఎక్కువ. ఆ సంస్థ థిన్నరుతోగాని, మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోగాని అది చక్కగా పలచబడుతుంది. స్పెయిను దేశపు వయ్యేహో రంగుల వంటివి వేరు. అవి నీటిలో తేలే సూక్ష్మకణాల పాలవంటి మిశ్రమాలు. వాటిలో ఆల్కహాలు పోస్తే పాలలో నిమ్మరసం పిండినట్లు విరిగి, జిగురు ఉండలు కట్టి, సన్నని గొట్టంలో బిగుసుకొంటాయి. వాటికి వాటి సంస్థ థిన్నరే శరణ్యం. సీసాలు రెండింటిమీదా ‘ఆక్రిలిక్కు’ అనే ఉంటుంది. పేరు ఒక్కటైనంత మాత్రాన గోత్రం ఒక్కటి కాదు.

ఖటోదరా కుర్రవానికి ఇంకొక ఆకర్షణ ఉన్నది, దానిని గురించి కాస్త ఆగి చెప్పాలి. అచ్చుపనికి వాడే పిగ్మెంటు రంగులు ఆ ఊళ్ళో చౌక. ఎరుపు, నీలం, పచ్చ కళ్ళు చెదిరేటంత నిండుగా ఉంటాయి. కణాలు బహు సన్నం. నీళ్ళతో పలచబడతాయి. వాటిని ఎయిర్ బ్రష్షులో పోసి బట్టమీద బొమ్మలు వేసేవారూ ఉన్నారు. మరి ప్లాస్టిక్కు విమానానికి ఎందుకు పనికిరావు? ఆ రంగు తనంతట తాను దేనికీ అంటుకోదు. దానితో కలిపే బైండరు దానిని పట్టి ఉంచాలి. ఆ బైండరు సరిగా బిగుసుకోవాలంటే 150 డిగ్రీల ప్రాంతంలో కొన్ని నిమిషాలు వేడి తగలాలి. పాలియెస్టరు చీర ఆ వేడిని ఓర్చుకొంటుంది. పాలిస్టైరీను నమూనా 100 డిగ్రీల దగ్గరనే మెత్తబడి, రెక్కలు వాల్చేస్తుంది. వేడి లేకుండా వేస్తే రంగు పొడివలె నిలిచి వేలికి అంటుకొని వస్తుంది. ఊరినిండా రంగు ఉండి కూడా విమానానికి సీసా రంగు కొనక తప్పని విచిత్రం ఇది.

జాతి తెలిసింది; ఇక పలచన. ఈ విద్య తెలిసినవారందరూ చెప్పేది ఒక్కటే కొలత: పాల చిక్కదనం రావాలి. వినడానికి సులభం. తెలుగు ఇల్లాలు వెంటనే అడిగే ప్రశ్న, ఏ పాలు అని. చిక్కని గేదెపాలకూ, వెన్న తీసిన పాకెట్టు పాలకూ ఎంతో దూరం. ఆ దూరంలోనే ఆరంభకుల నమూనాలు ఎన్నో పాడైనవి. వెన్న తీసిన పాలకే దగ్గరగా ఉండాలన్నది నిజం. దానిని కంటితో పట్టే పద్ధతి ఒకటి ఉన్నది. రంగూ థిన్నరూ కలిపిన గిన్నె లోపలి గోడమీదికి పుల్లతో రంగును ఎక్కించి వదలాలి. అది వెంటనే జారిపోయి గోడమీద ఏమీ మిగలకపోతే పలచన ఎక్కువైనట్లు. బద్ధకంగా, మీగడవలె నిలిచిపోతే చిక్కన. జారుతూ వెనుక పలచని తెర ఒకటి విడిచిపెడితే సరిపోయినట్లు. పెద్ద కార్ఖానాలలో ఇదే పరీక్షను ఫోర్డు కప్పు అనే పాత్రతో చేస్తారు. అడుగున కొలత ప్రకారం రంధ్రం ఉన్న ఆ పాత్రనిండా రంగు పోసి, అది ఖాళీ కావడానికి పట్టే సెకండ్లు లెక్కిస్తారు. ఒక నమూనా చేసుకొనేవానికి అంత సరంజామా అక్కరలేదు. గిన్నె గోడ చాలు.

పాళ్ళు చెప్పమంటే, ఎనామెలుకూ ఆల్కహాలు జాతి ఆక్రిలిక్కుకూ రంగు ఒక పాలు, థిన్నరు ఒక పాలుతో మొదలుపెట్టవచ్చు. లాకరుకు థిన్నరు ఒకటిన్నర, రెండు పాళ్ళ దాకా పోతుంది. ఇవి మొదలు మాత్రమే. ఒకే సంస్థ సీసాలలో తెలుపు చిక్కగా, నలుపు పలచగా ఉంటుంది. సగం వాడి మూలన పెట్టిన సీసా కొత్తదానికంటె చిక్కబడి ఉంటుంది. థిన్నరును చుక్కల గొట్టంతో కొద్దికొద్దిగా కలపడం మేలు. పోసినదానిని వెనుకకు తీయలేరు. రంగు గిన్నెలోకి పోకముందు వడకట్టాలి. నూలుగుడ్డ పనికిరాదు, పోగులు రాలుతాయి. సూరత్ ఇళ్ళలో కొదువలేని పాలియెస్టరు జార్జెట్టు పీలిక ఇందుకు బాగు. థిన్నరు దానిని కరిగించదు, పోగు రాలదు. నమూనామీదికి పోకముందు తెల్లని ప్లాస్టిక్కు చెంచా వెనుక ఒకసారి కొట్టి చూడాలి.

గాలి ఒత్తిడి పలచనకు తోడుబోతు. పాల చిక్కదనం కుదిరిన రంగుకు 15నుంచి 20 పౌండ్ల ఒత్తిడి సరిపోతుంది. కిలోల లెక్క చూపే మీటరుమీద ఇది సుమారు ఒకటినుంచి 1.4 వరకు. సన్నని గీతలకు రంగును ఇంకా పలచన చేసి, ఒత్తిడి దించి, మొనను దగ్గరకు తేవాలి. బొట్లు పడుతున్నవని ఒత్తిడి పెంచుకొంటూ పోవడం సాధారణంగా కనిపించే తప్పు. బొట్టు పడుతున్నదంటే ముందుగా అనుమానించవలసినది చిక్కదనాన్ని, ఆపైన మొనకు అంటి ఆరిపోయిన రంగును.

సీసామీద రాయని మూడవ పాత్రధారి వాతావరణం. శీతల దేశాల పుస్తకాలలోని పాళ్ళు తపతీ తీరంలో యథాతథంగా చెల్లవు. మే నెల మధ్యాహ్నం రంగు తుంపర మొనను విడిచి నమూనాను చేరేలోపుననే సగం ఆరిపోతుంది. రెక్కను తడిమితే సున్నపు గోడవలె గరుకు. అప్పుడు రిటార్డరు, అంటే ఆరడాన్ని ఆలస్యపరిచే ద్రావకం, కొద్ది చుక్కలు కలిపి, మొనను దగ్గరగా పట్టాలి. లేదా తెల్లవారుజామున లేచి పని చేయాలి. వానకాలంలో తిప్పలు వేరు. లాకరులోని ద్రావకం వేగంగా ఎగిరిపోతూ నమూనా ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. తేమగాలిలోని నీరు అక్కడ మంచువలె పట్టి, నల్లని రంగుమీద తెల్లని పొగ కమ్మినట్లు కనిపిస్తుంది. ఇక్కడా నిదానంగా ఎగిరే థిన్నరే మందు. ముసురు పట్టిన రోజున పెట్టె మూసి ఊరుకోవడం అన్నిటికంటె చౌకైన మందు. కంప్రెసరు గొట్టంలో చేరిన నీరు కూడా ఈ కాలంలోనే రంగుతో కలిసి ఊడిపడుతుంది; గొట్టానికి నీటిని పట్టే బుడ్డి అమర్చుకొంటే ఆ బాధ ఉండదు.

పొరమీద పొర వేసేటప్పుడు వరుస తప్పరాదు. లాకరుమీద ఎనామెలు వేయవచ్చు. ఎనామెలుమీద లాకరు వేస్తే ఘాటైన ద్రావకం కింది పొరను మెత్తబరచి, అప్పడంవలె ముడతలు లేపుతుంది. బాగా ఆరిన ఆక్రిలిక్కుమీద టర్పెంటైనుతో పలచన చేసిన ఎనామెలును పూసి, అతుకులలో నిలిచినంత ఉంచి, మిగతాది తుడిచివేయవచ్చు. నమూనాకు పాతదనం తెచ్చే కిటుకు అదే.

ఇంతవరకు చెప్పినదానిలో తప్పు జరిగితే పాడయ్యేది విమానం. ఇక చెప్పబోయేదానిలో తప్పు జరిగితే పాడయ్యేది ఊపిరితిత్తులు. రంగును కుంచెతో పూసినప్పుడు అది పూసినచోట ఉంటుంది. తుంపరగా మారిన రంగులో నమూనాను చేరనిదంతా గదిలో తేలుతుంది. తేలినది ముక్కులోకి పోతుంది. ఒకే గది ఇళ్ళలో, మూలన పొయ్యి వెలుగుతూ, పక్కన పసివాళ్ళు పడుకొని ఉండగా ఈ పని చేయడం అన్ని విధాలా కూడనిది. థిన్నరు ఆవిరి గాలికంటె బరువు; నేలమీదనే పాకి దూరాన ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. టొలువీను ఆవిరికి తల తిరగడం, తలనొప్పి మొదటి హెచ్చరికలు. ముఖానికి కట్టుకొన్న రుమాలుగాని, గుడ్డ మాస్కుగాని ఆవిరిని ఆపవు. ఆవిరిని పట్టేది ఉత్తేజిత బొగ్గు నింపిన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు ఒక్కటే; దానిలోని బొగ్గుకూ ఆయుర్దాయం ఉన్నది, వాసన తెలియసాగినదంటే మార్చవలసినదే.

రంగు ఎంపికలోనే తప్పుకోవలసిన ప్రమాదాలు రెండు. కార్లకు వేసే రెండు డబ్బాల పాలీయురెథేను రంగులో గట్టిపరిచే డబ్బాలో ఐసోసైనేట్లు ఉంటాయి; ఆ తుంపరను పీల్చినవారికి జీవితాంతం విడవని ఉబ్బసం రావచ్చు. మెరుపు ఎంత బాగున్నా దానిని ఇంట కొట్టరాదు. రెండవది సీసం. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని 2016లో నియమాలు వచ్చినవి. అవి ఇంటి రంగులకూ అలంకరణ రంగులకూ వర్తించేవి; పరిశ్రమలకు అమ్మే రంగులకు కావు. నిండైన పసుపు, నారింజ వన్నెలకు లెడ్ క్రోమేటు పాత అలవాటు. కార్ఖానాలో మిగిలిపోయిన పసుపుపచ్చ డబ్బా ఎవరో ఊరకే ఇచ్చినారని దానిని తుంపరగా మార్చడం తెలిసి తెలిసి విషాన్ని గాలిలో చల్లడమే. పిల్లలకు సీసం చేసే చెరుపు తిరిగి బాగుపడేది కాదు.

ఆల్కహాలు జాతిగాని, నీటి జాతిగాని ఆక్రిలిక్కుతో పని మొదలుపెట్టమని ఈ కారణంచేతనే చెప్పాలి. దాని ఆవిరి కూడా అమృతం కాదు. ఆల్కహాలు అంటుకొనే వస్తువే. అయినా కిటికీ దగ్గర, బయటికి గాలి లాగే పంకా ముందు, అట్టపెట్టె అడ్డం పెట్టుకొని చేసే పనికి తక్కిన రెంటికంటె అది ఎంతో నయం. రంగు ధరకు థిన్నరు ధర కూడా కలిపి చూసుకొన్నవాడు కొంచెం ఎక్కువనిపించినా దానినే కొంటాడు.

పని ముగిసినాక గిన్నెలో మిగిలిన పలచని రంగును అసలు సీసాలో తిరిగి పోయరాదు. సీసా మొత్తం పాళ్ళు చెడతాయి. వేరే చిన్న సీసాలో పోసి, రంగు పేరూ థిన్నరు పేరూ తేదీ చీటీ రాసి అంటించాలి. సూదిని వెనుకనుంచి ముందుకు లాగి తుడవాలి, మొనను చేతితో తడమరాదు. వంగిన మొనతో గీసిన గీత ఎప్పటికీ తిన్నగా రాదు. కడిగిన థిన్నరును తూములో పోయకుండా మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరినది మరుసటి కడుగుడుకు వస్తుంది. అడుగుమడ్డిని పాత పత్రికమీద పరిచి, ఆరుబయట నిప్పుకు దూరంగా ఆరనిచ్చి, గట్టిపడిన తరువాత చెత్తలో వేయాలి.